ఎవరి మెట్లు వాళ్ళవి

వస్తువుల తయారీ నేర్పే శిక్షణ కేంద్రం పొద్దున తొమ్మిదింటికి తెరిచేవారు. క్లాసు పై అంతస్తులో. అక్కడికి వెళ్ళే మెట్లు ఎక్కేవాళ్ళని బట్టి ఉండేవి. కుర్రకారుకి రెండు గంతులు. నెలలు నిండినావిడకి చిన్న గుట్ట. ఒకసారి కాలు బెణికిన ఒకాయన పొద్దున బయల్దేరి టీ వేళకి చేరాడు. ఆలస్యమైనందుకు క్షమించమని ఆయనే అడిగాడు.

సీసాల ఫ్యాక్టరీలో మూతల పని చూసే ఆవిడ ఆ క్లాసులో ఉండేది. అందరూ మూతలావిడ అనేవారు. ముసలి చేతులకి సులువుగా వచ్చే మూత కావాలని ఫ్యాక్టరీ వాళ్ళే ఆమెను పంపారు.

"మనిషిని వస్తువుకి సర్దకండి. వస్తువునే మనిషికి సర్దండి," అని పంతులమ్మ రోజూ చెప్పేది. ముసలితనం ఎలా ఉంటుందో తెలియాలని అందరి మోకాళ్ళకి గుడ్డ బిగించి కట్టించి, కళ్ళద్దాలకి నూనె రాయించి, గదంతా నడిపించేది. "ఇప్పుడు తెలిసిందా?" అనేది. తెలిసిందనేవారు అందరూ.

క్లాసంతా చేసిన మూతల్ని పెద్దవాళ్ళ చేత తీయించి చూసే రోజున మూతలావిడ వాళ్ళమ్మను వెంటబెట్టుకొచ్చింది. తల్లికి మోకాళ్ళు అరిగిపోయి చాలా కాలమైంది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం ఒప్పుకునేది కాదు.

"చెయ్యి పట్టుకో అమ్మా."

"వదులు. నేనేం పెళ్ళికూతుర్నా, చెయ్యి పట్టుకు నడిపించడానికి? నువ్వు పద. మెల్లగా వస్తా."

వేళ మించిపోతోందని కూతురు ముందు వెళ్ళిపోయింది.

పైన బల్ల మీద సీసాలు వరసగా పెట్టారు. ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. మిగతావాళ్ళు పిలిచిన ముసలివాళ్ళూ రాలేదు.

"మన మూతలంటే భయమేమో," అన్నాడు పక్క బల్ల కుర్రాడు. అందరూ నవ్వారు, అమ్మ విసిగి ఇంటికి వెళ్ళిపోయుంటుందనుకుని మూతలావిడ కూడా. చివరికి ఒకరి సీసాలు ఒకరు తీసి చూసుకుని, బాగున్నాయనుకున్నారు.

సాయంత్రం మూతలావిడ కిందికి దిగితే కాపలాదారు అడిగాడు. "అదేంటమ్మా, ఒక్కరే వస్తున్నారు? మిగతా ముసలివాళ్ళు మెట్లు చూసి వెనక్కి వెళ్ళిపోయారు గానీ, పెద్దావిడ పొద్దున ఎక్కారుగా?"

మూతలావిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. మెట్ల దగ్గర నిలబడి "అమ్మా!" అని కేకేసింది. చాలా పైనుంచి, నూతిలోంచి వచ్చినట్టు జవాబొచ్చింది.

"వస్తున్నానే!"

పరుగెత్తింది. నాలుగు అంగల్లో క్లాసు తలుపు తగిలింది. దిగింది, మళ్ళీ ఎక్కింది. మళ్ళీ అదే తలుపు. అప్పటికి గానీ బుర్ర పనిచెయ్యలేదు. చున్నీ చింపి మోకాళ్ళకి కదలకుండా బిగించి కట్టుకుంది. ముడులు బిగిసేకొద్దీ ఎదురుగా మెట్లు పెరిగాయి. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కింది.

తల్లి ఒక మలుపు దగ్గర మెట్టు మీద కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది.

"అయిపోయిందా మీ క్లాసు?"

"అయిపోయిందమ్మా."

"అయ్యో, మూత చూడనే లేదు. ఇంకో రెండు మెట్లేలే అనుకుంటూ వచ్చా."

"పద, ఎత్తుకుని దింపుతా."

"ఎత్తుకోవడానికి నేనేమన్నా మూటనా?"

"మరి మందు తేనా? మంచినీళ్ళా? నలుగురిని పిలుచుకురానా?"

తల్లి తల అడ్డంగా ఊపింది. కూతురు పక్కన కూర్చుంది. అప్పుడు అడిగింది, "నీకేం కావాలమ్మా?"

ఆ ప్రశ్న క్లాసులో రోజూ రాసుకునేదే. ఇంట్లో ఎప్పుడూ అడగలేదు.

"ఒక కుర్చీ," అంది తల్లి. "వీపు ఆనుకునేది. కాసేపు కూర్చుంటే నేనే దిగుతా."

"ఇదిగో, ఇప్పుడే తెస్తా."

ఆ కట్టిన కాళ్ళతో దిగి మళ్ళీ రావాలంటే తెల్లారుతుంది. అందుకని మూతలావిడ తొందరలో ముడులు విప్పేసింది. రెండు అడుగుల్లో నేల తగిలింది. కింది గదిలోంచి మడత కుర్చీ లాక్కుని వెనక్కి తిరిగింది. మెట్లు పొట్టిగా ఉన్నాయి. మళ్ళీ ముడులు వేసింది, మెట్లు పెరిగాయి. కానీ అవి వేరే మెట్లు. వదులుగా కడితే దారి చాలేది కాదు, బిగిస్తే తప్పిపోయేది. ఆ మలుపు మళ్ళీ దొరకలేదు.

కొన్నాళ్ళు పిలిస్తే "వస్తున్నానే, కంగారుపడకు" అని వినిపించేది. తరవాత అదీ లేదు.

పంతులమ్మ క్లాసును కింది షెడ్డులోకి మార్చింది. మూత తయారైంది. అరచేత్తో కాస్త నొక్కితే వచ్చేస్తుంది. బాగా అమ్ముడుపోయింది. మూతలావిడకి ఫ్యాక్టరీలో సొంత గది ఇచ్చారు. సెలవు రోజు వస్తే ఆమె కుర్చీ భుజాన వేసుకుని ఆ మెట్ల దగ్గరికి వెళ్ళేది.

ఏళ్ళు గడిచాక ఆమె మోకాళ్ళూ అరగడం మొదలైంది. ఎముకల డాక్టరు ఆపరేషన్ అన్నాడు. తేదీ కూడా ఇచ్చాడు. చెల్లెలు బట్టల సంచి సర్దింది.

"నేను చేయించుకోను," అంది మూతలావిడ.

"మతి పోయిందా అక్కా? అమ్మలా అయిపోతావు!"

"ఇంకా కాలేదే. డాక్టరు ఎక్స్‌రే పటం చూపించాడుగా. అమ్మవి ఇంతకంటే అరిగాయి."

చెల్లెలు సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటీ తీసి బీరువాలో పెట్టేసింది.

మర్నాడు మూతలావిడ ముడులేవీ వేసుకోకుండానే ఎక్కింది. క్లాసు తలుపు రాలేదు. ఇంకా ఎక్కింది. మోకాళ్ళు సలుపుతుంటే గోడకి ఆనుకుని నిలబడింది. పైన ఎక్కడో, ఆగి ఆగి, చెప్పుల చప్పుడు.

కుర్చీని రెండో భుజానికి మార్చుకుని ఇంకో మెట్టెక్కింది.