రెండో వరస రీడు

జగ్గయ్యపేటలో హార్మోనియం పెట్టెలు బాగుచేసేవాణ్ణి నేనొక్కణ్ణే. వయసులో ఉండగా నాటకాలకి వాయించాను. నాటకాలు తగ్గాక పెట్టెలు బాగుచేస్తూ, ఇంటికొచ్చిన పిల్లలకి నాలుగు పాటలు నేర్పుతూ వచ్చాను. మాట్లాడటం నాకు పెద్దగా రాదు. మా ఆవిడ రత్నమణికి వచ్చు కాబట్టి ఇంట్లో లోటు లేదు.

తొంభై ఎనిమిదో సంవత్సరం, నవంబరు నెల. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో ఆమని అని పదో తరగతి పిల్ల ఉండేది. వాళ్ల నాన్న కిషోర్‌బాబుకి ఎరువుల కొట్టు. ఒక సాయంత్రం ఆ పిల్ల వాళ్ల సైన్సు టీచరు భారతీదేవిని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఉమాకాంతం గారూ, మీ సాయం కావాలండి" అంది టీచరమ్మ. "నందిగామ కాలేజీలో సైన్సు ఎగ్జిబిషన్ పెడుతున్నారు. ఈసారి కొత్తగా ఒక విభాగం చేర్చారు. పాటో, బొమ్మో, నాటకమో, ఏదో ఒక కళ తీసుకుని అందులో సైన్సు ఎక్కడుందో చూపించాలి. నెగ్గినవాళ్లని బందరు పంపిస్తారు, జిల్లా ఎగ్జిబిషన్‌కి. మా స్కూలు నుంచి ఆమనిని పెడదామని."

నేను ఆమని వంక చూశాను. ముఖంలో ఇంకేదో ఉంది.

"నువ్వే చెప్పుకోవే" అంది రత్నమణి వంటింట్లోంచి. "ఆయన అడిగేదాకా కూర్చుంటే తెల్లారుద్ది."

"నాన్న పెట్టె మానెయ్యమంటున్నారు మాస్టారూ. ఇది పబ్లిక్ పరీక్షల ఏడంట, సంగీతం మార్కులు తేదంట. ఇందులో కూడా సైన్సుంది నాన్నా అన్నా. అయితే నందిగామలో నెగ్గి చూపించు, బందరు వెళ్తే నీ ఇష్టం, లేకపోతే పెట్టె అమ్మేస్తా అన్నారు."

టీచరమ్మ సంచిలోంచి రెండు కొమ్ములున్న ఇనప కడ్డీ ఒకటి తీసింది. శ్రుతిదండం అంటారట. మోకాలికి కొట్టి, కాడని పెట్టె మూత మీద ఆనించింది. ఊం అని సన్నగా, నిలకడగా మోగింది. అది సెకనుకి రెండువందల యాభై ఆరుసార్లు ఊగుతుందట.

"మీరు ఒక మెట్టు కింది రీడ్లని సరిగ్గా దీనికి కలపాలండి. అప్పుడు మెట్టూ, ఇదీ కలిపి మోగిస్తే ఒకటే నాదమవుద్ది. శ్రుతి కలవడమంటే లెక్క కలవడమే అని మా ఆమని చెప్తుంది. అంతే."

"ఊ" అన్నాను.

"ఊ అంటే చేస్తానని" అంది రత్నమణి.

రీడు అంటే సన్నని ఇత్తడి నాలుక. ఒక్కో మెట్టు కింద రెండుంటాయి, మొదటి వరసలో ఒకటి, రెండో వరసలో ఒకటి. నాలుక కొసన ఆకురాయితో గీకితే శ్రుతి పైకి పోతుంది. మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. గీకేముందు కొసన చిటికెడు మైనం అంటించి చూస్తాను. బరువుకి ఎంత దిగుతుందో చెవికి తెలుస్తుంది. ఆమని రోజూ బడి వదలగానే వచ్చి పక్కన కూర్చుని ఇదంతా చూసేది. ఒక్క మెట్టు కలిపితే మిగతావి ఊరుకోవు కాబట్టి ఆమని పెట్టెంతా కలిపాను. ఎగ్జిబిషన్ ముందురోజు ఆ పిల్ల వచ్చి శ్రుతిదండం ఆనించి వాయించుకుంది. గీత గీసినట్టు ఒకటే నాదం. గంతులేసుకుంటూ ఇంటికి పోయింది. తరవాత నేను అలవాటుగా ఆఖరి చెయ్యి వేసి, గుడ్డతో తుడిచి, మూత బిగించాను.

మర్నాడు నేనూ, ఆమనీ, టీచరమ్మా నందిగామ బస్సెక్కాం. కండక్టరు పెట్టెని చూసి, "దీనికి లగేజీ కొట్టనా తాతా, పాట పాడతావా?" అన్నాడు. ఆమని పాడింది. లగేజీ టికెట్టు కూడా కొట్టాడు.

కిషోర్‌బాబు స్కూటరు మీద మాకంటే ముందే వచ్చి హాల్లో నిలబడ్డాడు.

"కొట్టు మూసుకుని వచ్చా బాబాయ్‌గారూ. ఈ సైన్సేందో నా కళ్లతో చూడాలిగా" అన్నాడు.

మా పక్క బల్ల దగ్గర ఇంకో బడి అమ్మాయి కొవ్వొత్తి వెలిగించి, గాజుగ్లాసు బోర్లించి ఆర్పుతూ, మళ్లీ వెలిగిస్తూ ఉంది. న్యాయనిర్ణేత భవానీప్రసాద్ గారని కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఆయన. చొక్కా చేతికి సుద్దపొడి. ఆమని తడబడకుండా అంతా చెప్పింది. నేను పెట్టె వెనక గాలి తిత్తి ఆడించాను. ఆ పిల్ల శ్రుతిదండం కొట్టి మూత మీద ఆనించి మెట్టు నొక్కింది.

ఊం, ఊం, ఊం అని నాదం పొంగుతూ తగ్గుతూ వచ్చింది.

ఆమని మెట్టు వదిలి మళ్లీ నొక్కింది. మళ్లీ అదే.

"కలవలేదు కదే" అన్నాడు కిషోర్‌బాబు.

నాకు అర్థమైంది. నాటకం పెట్టెకి రెండో వరసని మొదటి వరసతో పూర్తిగా కలపం. వెంట్రుకవాసి పైకి వదులుతాం. రెండూ కలిసి మోగితే నాదం అలలాగా ఊగి, పందిట్లో ఆఖరి చాప మీద కూర్చున్నవాడి దాకా పోతుంది. నలభై ఏళ్లుగా ఏ పెట్టె మూసినా ముందు రెండో వరస కొసలు కాస్త గీకి మూస్తాను. నిన్న కూడా నా చేతులు ఆ పని చేసేశాయి.

"తప్పు నాదండి" అన్నాను. జేబులోంచి ఆకురాయి తీశాను. "పావుగంట ఇప్పించండి."

"ఇంకా ఇరవై బల్లలు చూడాలండీ" అన్నాడు భవానీప్రసాద్, నొచ్చుకుంటూనే.

ఆమని మా ఇద్దరి మాటా వినడం లేదు. చెవి పెట్టెకి ఆనించి, తాళం వేసినట్టు వేళ్లతో బల్ల మీద కొడుతోంది.

"మాస్టారూ, పెట్టె ముట్టుకోవద్దు" అంది. "టీచర్, మీ వాచీ చూసి పది సెకన్లు చెప్పండి. నాన్నా, మీరు తిత్తి పట్టుకోండి."

"నేనా?"

"మాస్టారు చెవి పెట్టి వినాలి. రండి. మెల్లిగా, అది సైకిలు పంపు కాదు."

మొదటి వరసకి గాలి వదిలే పిడి లోపలికి నొక్కేసింది. ఇక రెండో వరస రీడూ, శ్రుతిదండమూ మాత్రమే మోగుతాయి. మోగించి లెక్కపెట్టింది. నేనూ మనసులో లెక్కపెట్టాను.

"పది సెకన్లలో ముప్పై అలలండి. సెకనుకి మూడు. అంటే ఈ రీడుకీ దీనికీ తేడా మూడు. శ్రుతి కలిస్తే లెక్క కలవడమే అన్నా కదండీ. కలవకపోతే ఎంత కలవలేదో కూడా చెవితోనే లెక్క తెలుస్తుంది."

భవానీప్రసాద్ పక్క బల్లకి పోబోయినవాడు వెనక్కి తిరిగాడు.

"బాగుందమ్మా. మరి రీడు రెండువందల యాభై తొమ్మిదా, యాభై మూడా? పైనున్నా మూడే, కిందున్నా మూడేగా?"

ఆమని శ్రుతిదండాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"పైనే" అన్నాను. "కొసన గీకాను."

"మీ మాట నేను నమ్ముతా పెద్దాయనా. సైన్సు నమ్మదు. రుజువు కావాలి."

ఆమని నా వంక చూసింది.

"మైనం" అన్నాను.

అంతే చెప్పాను. ఆ పిల్ల పక్క బల్ల దగ్గరికి ఉరికింది.

"కాస్త కొవ్వొత్తి ఇవ్వవా?"

"మా దీపం ఆరిపోద్ది" అంది ఆ అమ్మాయి.

"ఎటూ గ్లాసు పెట్టి ఆర్పేదేగా."

ఆ అమ్మాయి నవ్వి, కారిన మైనం గోటితో గిల్లి ఇచ్చింది. ఆమని దాన్ని శ్రుతిదండం కొమ్ము చివర అద్దింది.

"ఇప్పుడు దీని బరువు పెరిగింది. కాస్త తక్కువ ఊగుద్ది. రీడు పైనుంటే తేడా పెరిగి అల జోరవ్వాలి. కిందుంటే తేడా తగ్గి అల నిదానించాలి. నాన్నా, తిత్తి."

ఈసారి లెక్క ఆమని ఒక్కతే పెట్టలేదు. చుట్టూ మూగినవాళ్లంతా పెట్టారు. టీచరమ్మ పది అనగానే కొవ్వొత్తి అమ్మాయి ముప్పై తొమ్మిది అంది.

"నలభై" అన్నాడు కిషోర్‌బాబు.

"ముప్పై తొమ్మిదండి."

"చెయ్యి నాది, తిత్తి నాది. నలభై."

"ఏదైనా ముప్పై కన్నా ఎక్కువే కదండీ" అన్నాడు భవానీప్రసాద్ నవ్వుతూ. "రీడు పైనే ఉంది." తరవాత నా దగ్గరికి వచ్చాడు. "అన్ని రీడ్లూ ఇలా మూడు తేడాతోనే పెడతారా?"

"లెక్క ఎప్పుడూ చూళ్లేదండి."

"మరి ఎంత గీకాలో ఎట్లా తెలుస్తుంది?"

"తక్కువైతే ఏడ్చినట్టుంటది. ఎక్కువైతే చలికి వణికినట్టుంటది. మధ్యలో ఉయ్యాల ఊగినట్టు ఉంటది. అక్కడ ఆపుతా."

ఆయన ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. నేను అంత మాట్లాడానని చెప్తే రత్నమణి నమ్మలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పేర్లు చదివారు. బందరు వెళ్లేవాళ్లలో ఆమని పేరు రెండోది. పిల్ల టీచరమ్మ మెడ పట్టుకుని ఊగింది. కిషోర్‌బాబు పెట్టె తనే ఎత్తుకుని బస్టాండు దాకా మోసుకొచ్చాడు. స్కూటరు కాలేజీలోనే మర్చిపోయాడు. బస్టాండులో గుర్తొచ్చి తనే నవ్వుకున్నాడు.

"మాటంటే మాటే అమ్మలూ. పెట్టె నీదే" అన్నాడు. తరవాత నావైపు తిరిగాడు. "బందరు వెళ్లేలోపు ఆ రెండో వరస సరిచేస్తారా బాబాయ్‌గారూ?"

"వద్దు" అన్నాం నేనూ ఆమనీ ఒకేసారి.

"సరే. బందర్లో కూడా తిత్తి మాత్రం నేనే పడతా."

"మీరు జోరుగా కొడతారు నాన్నా. శ్రుతి చెదురుద్ది."

"నేర్చుకుంటానే. కొట్టు కట్టేశాక సాయంత్రం పూట రానా బాబాయ్‌గారూ?"

"ఊ" అన్నాను.

"ఊ అంటే?" అని కూతుర్ని అడిగాడు.

"రమ్మని" అంది ఆమని.