నిమ్‌పురా షెడ్డులో పట్టిన రైలు

చర్చి నుంచి వచ్చి వరండా మెట్టెక్కిన జ్ఞానప్రకాశానికి గచ్చు మీద సుద్దతో రైలు గీస్తున్న నూకరాజు కనబడ్డాడు. ప్రాణం ఉసూరుమంది. వరసగా ఇది నాలుగో ఆదివారం.

తప్పు తనదే. జ్ఞానప్రకాశం ఇంజనీరింగు కాలేజీలో ఫిజిక్సు లేబొరేటరీ అసిస్టెంటు. పన్నెండేళ్లుగా ప్రొఫెసర్లకి అద్దాలూ దీపాలూ అమర్చిపెట్టి, వాళ్ల పాఠాలు తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. నెల కిందట ఝపటాపూర్ పేటలో ఎవరిదో పెళ్లిభోజనాల దగ్గర, అందరూ నోరు తెరుచుకుని వింటున్నారు కదా అని, "మహా వేగంగా పోయే రైలు పొడుగు తగ్గిపోతుంది, తెలుసా?" అనేశాడు. ఎదుటి వరసలో నూకరాజు ఉన్నాడని చూసుకోలేదు.

నూకరాజుది రైల్వే వర్క్‌షాపులో బోగీల కొలతలు చూసే పని. ఇరవయ్యారేళ్లుగా ఉక్కు టేపు ఒక కొస తను పట్టుకుని, రెండో కొస తన హెల్పరు అప్పలకొండకి ఇచ్చి కొలుస్తున్నాడు. అంగుళంలో నూలు తేడా వచ్చినా బోగీని వెనక్కి పంపేస్తాడు. అలాంటివాడికి రైలు పొడుగు తగ్గుతుందంటే తిట్టినట్టే ఉంది.

మొదటి ఆదివారం, చలికి ఇనుము ముడుచుకున్నట్టే అనుకో అన్నాడు జ్ఞానప్రకాశం. "అయితే ఏ బోల్టు ఒదులవుద్ది?" అన్నాడు నూకరాజు. రెండో ఆదివారం, ఊరికే అలా కనబడుతుందంతే అన్నాడు. "అంటే అబద్ధమే గదా!" మూడో ఆదివారం తప్పించుకుందామని, రైల్లో డ్రైవరుకి మాత్రం తన బండి మామూలుగానే ఉంటుంది, బయటివే పొట్టిగా ఉంటాయి అని చెప్పాడు. అది ఇంకా కొంపముంచింది.

"రా పెకాశం. ఇయ్యాల నిన్నొగ్గను," అన్నాడు నూకరాజు. "ఇది మన నిమ్‌పురా యార్డు షెడ్డనుకో. అటో తలుపు, ఇటో తలుపు. పొడుగు వంద గజాలు. బండి నూట ఇరవై. ఆగి ఉంటే పట్టదు. ఠీక్ హై?"

"ఠీక్ హై."

"నువ్వు సెప్పిన యేగంతో వస్తే బండి తొంభై గజాలైపోద్ది. తలుపులకాడోళ్లు రెండు తలుపులూ ఒక్కపాలే టక్కున మూసి, టక్కున తీసీసినారు. ఆ సనం బండి లోపలే ఉంది. బాగుంది. మరి డ్రైవరో? ఆడి లెక్కలో బండి నూట ఇరవైయే, షెడ్డే తగ్గి డెబ్బయ్యయిదు. మరి తలుపులు మూస్తే బండి ముక్కలైపోదేటి? అయిపోద్దా, లేదా? ఒక్క మాట సెప్పు!"

లోపల్నుంచి కూర వాసన వస్తోంది. జ్ఞానప్రకాశానికి కడుపు కాలిపోతోంది. నూకరాజు ఈ ప్రశ్నే అందరినీ అడుగుతున్నాడని విని, శుక్రవారం ప్రొఫెసరుని అడిగాడు. ఆయన క్లాసుకి పోతూ పోతూ ఒక్క ముక్క అనేసి వెళ్లిపోయాడు. అదే అప్పజెప్పాడు.

"రెండు తలుపులూ ఒకేసారి మూశారని ఎవరన్నారన్నా?"

"నానన్నాను! ఇప్పుడే గదా అన్నాను!"

"నువ్వు కాదు, డ్రైవరు..."

"డ్రైవరు ఏటన్నాడు? ఆడు నోరిప్పితే గదా!"

అంతే, జ్ఞానప్రకాశానికి తిక్క రేగిపోయింది. "నీకో దండం నూకరాజన్నా! ఆగిన బోగీని కొలవడం ఎవడైనా చేస్తాడు. కదిలే బండిని కొలిచి చూపించు ముందు, అప్పుడు రా! అందాకా నా ఇంటికి రావద్దు!"

"ఏవండీ, పెద్దాయన..." అంటూ అతని భార్య సూసన్న గుమ్మంలోకి వచ్చింది. అప్పటికే నూకరాజు లేచి, తుండుగుడ్డ దులుపుకుని, వెళ్లిపోయాడు.

వారమంతా జ్ఞానప్రకాశానికి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. మళ్లీ ఆదివారం వచ్చేసరికి, ఆయన రాకపోతే బాగుండునా, వస్తే బాగుండునా తేల్చుకోలేకపోయాడు.

నూకరాజు వచ్చాడు. వస్తూనే, "కొలిసినాను," అన్నాడు.

"ఏం కొలిచావు?"

"కదిలేదాన్ని. గురువారం తిండేళప్పుడు ట్రాలీని తోయించినాను. దాని పొడుగు ఆరడుగులు. ఎనక కొసకాడ నాను, ఎదర కొసకాడ అప్పలకొండ. ఒకడు సప్పట్లు కొట్టగానే ఇద్దరం నేల మీద సుద్దగీత పెట్టాల. మొదటిపాలి ఏడడుగులొచ్చింది. ఎందుకంతే, అప్పలకొండ ఆలీసంగా గీసినాడు. రెండోపాలి నాకంటే ముందే గీసీసినాడు, అయిదున్నర. నాను కొలిసింది ట్రాలీని కాదు పెకాశం, అప్పలకొండ బద్ధకాన్ని!" గోడకి చేరబడి ఊపిరి తీసుకున్నాడు. "కదిలేదాని పొడుగంతే రెండు కొసలూ ఒక్కపాలే గుర్తెట్టడం. ఆ ఒక్కపాలి అన్నది తేడా వస్తే పొడుగే మారిపోద్ది."

జ్ఞానప్రకాశం వచ్చి పక్కన చతికిలబడ్డాడు. తలుపు దగ్గర నిలబడి పన్నెండేళ్లు విన్న మాటలు ఇప్పుడు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చుంటున్నాయి.

"ఉండన్నా, ఉండు," అని తనే సుద్దముక్క అందుకున్నాడు. "షెడ్డు సరిగ్గా నడుమ ఒక దీపం. అది వెలిగి, ఆ వెలుగు తన దాకా రాగానే ఎవడి తలుపు వాడు మూస్తాడు. షెడ్డులో వాళ్లకి రెండూ ఒకేసారి. ఇప్పుడు డ్రైవరు సంగతి చూడు. వాడి లెక్కలో షెడ్డే తన మీదికి వస్తోంది. ఎదర తలుపు వెలుగుకి ఎదురొస్తోంది, వెనక తలుపు వెలుగు నుంచి పారిపోతోంది."

"అలాగైతే వెలుగు జోరు కూడా మారాల గదా?"

"మారదు. అది మాత్రం ఒప్పుకోవాలి. ఎవరు కొలిచినా దాని వేగం ఒక్కటే. ఎంతమంది ఎన్ని రకాలుగా కొలిచినా అదే వచ్చింది."

నూకరాజు గచ్చు మీద వంగి, వేలితో నెమ్మదిగా రైలుని నడిపించాడు. "అయితే డ్రైవరుకి ఎదర తలుపు ముందు మూసుకుంతాది. బండి మూతి ఇంకా దాని దాకా రాలేదు. మూసీసి, తీసీసినారు. మూతి బయటికెల్లిపోనాది. తరవాత తోక లోపలికొచ్చినాక ఎనక తలుపు..." వేలు ఆగింది. "బండికేటీ కాదు."

"ఏమీ కాదు."

"ఏ బోల్టూ ఒదులవదు."

"అవదు."

నూకరాజు ఆ గీతల మీద వేలిని మళ్లీ మొదట్నుంచీ నడిపి చూసుకున్నాడు. జ్ఞానప్రకాశానికి గుండె నిండినట్టయింది. ఇప్పుడైనా ఓ మంచి మాట అంటాడేమో అనుకున్నాడు.

"ఓరి నీ తస్సాదియ్యా!" అని తలెత్తాడు నూకరాజు. "ఈ ముక్క మొదటి ఆదివారమే సెప్పీసుంటే పోయేది గదా! అయిదు వారాలు నా బుర్ర తినీసినావు!"

జ్ఞానప్రకాశం సుద్దముక్క కింద పడేశాడు. 'నా ఆదివారాలన్నీ నువ్వు తినేసి...' అని మొదలుపెట్టబోయాడు. కానీ బయటికొచ్చింది వేరే మాట.

"మొదటి ఆదివారానికి నాకూ తెలీదన్నా."

నూకరాజు అతని ముఖంలోకి ఓసారి పరీక్షగా చూశాడు. గుమ్మం వైపు తిరిగి, "సెల్లెమ్మా, మంచినీళ్లియ్యి," అని కేకేశాడు.

"నీళ్లెందుకు, అన్నం పెడుతున్నాను. ఇద్దరూ కాళ్లు కడుక్కుని రండి," అంది లోపల్నుంచి సూసన్న, విసుగ్గా.