పురుగు ఇంటిపేరు

మా తోడికోడలికి కడుపు కోసి, కార్జంలోంచి కోడిగుడ్డంత నీటితిత్తి తీశారు. మత్తు దిగగానే ఆవిడ అడిగింది మంచినీళ్ళు కాదు, మా ఆయన్ని. ఆయన వెళ్ళి మంచం పక్కన నిలబడితే, "నీ కొట్లో కార్జం తినబట్టే నాకీ గతి మరిదీ," అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మా ఆయనది మాంసం కొట్టు. గొర్రెలు తప్ప వేరే ఏదీ కోసేవాడు కాదు. అక్కా బావగారూ, మేమూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. వంట నాది. పెత్తనం అక్కది.

ఆవిడ ఆసుపత్రి నుంచి రాగానే చూడ్డానికి జనం వరస కట్టారు. వచ్చిన వాళ్ళందరికీ కట్టు చూపించి మరీ కార్జం కథ చెప్పింది. రోజూ మా దగ్గర కొనేవాళ్ళు మా కొట్టు దాటుకుని వీధి చివరికి వెళ్ళడం మొదలెట్టారు. కొట్లో ఈగలు తోలుకుంటున్నామని మాటవరసకి అంటారు కదా, మేం నిజంగానే తోలుకున్నాం. పెళ్ళానికీ తమ్ముడికీ మధ్య ఇరుక్కున్న బావగారు చెవులు వినపడనట్టు తిరుగుతున్నారు.

కబేళాకి ఒక డాక్టరమ్మ వచ్చేది. మనుషుల డాక్టరు కాదు, పశువుల డాక్టరూ కాదు, పురుగుల డాక్టరు. గొర్రెల్లో, ఆవుల్లో, పందుల్లో దొరికిన తిత్తుల్ని చిన్న సీసాల్లో పట్టుకుపోయి, ల్యాబులో వాటి జన్యువులు చూసేది. ఆసుపత్రిలో మనుషులకి తీసినవీ ఆవిడకే చేరేవి. ఆ తిత్తుల్లో ఉండేవి బద్దెపురుగు పిల్లలేనట. మనకి బద్దెపురుగులన్నీ ఒకలాగే కనిపిస్తాయి గానీ వాటికీ ఇంటిపేర్లున్నాయని చెప్పేది. గొర్రెల్లో ఎక్కువగా కనిపించేది ఒక వంశం, ఆవుల్లో ఒకటి, పందుల్లో ఇంకొకటి. ఒకే ఇంటిపేరు వాళ్ళలో కూడా ముక్కూ మొహం తేడాలున్నట్టు, ఒక్కో వంశంలో మళ్ళీ బోలెడు తేడాలట. మనిషి మాత్రం ఏ వంశం వచ్చినా కాదనడట.

ఇంత చెబితే మా ఆయన పట్టుకున్నది ఇంటిపేరు మాట ఒక్కటే. వదిన తిత్తి ఆవు వంశమని తేలితే తన గొర్రెలకి సంబంధం లేనట్టే కదా అన్నాడు. ఆవిడ ఏదో చెప్పబోతే వినకుండా, ముందు పరీక్ష చెయ్యమన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. గొర్రె వంశమని తేలితే కొట్టు మూసేస్తానని వీధిలో నలుగురి ముందూ చెప్పొచ్చాడు.

ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ మా ఇంటికే వచ్చింది. అక్క దిళ్ళకి ఆనుకుని కూర్చుంది. ఆవిడ కాళ్ళ దగ్గర, మంచం మీదే, దొర పడుకున్నాడు. దొరంటే అక్క పెంచుకునే కుక్క. మా ఇంట్లో ముందు వాడు తిన్నాకే మిగతా వాళ్ళు తినేది. తిన్నాక అక్క వాడి మూతి తుడిచి ముద్దు పెట్టుకునేది.

"గొర్రె వంశమేనండీ," అంది డాక్టరమ్మ.

"విన్నావా మరిదీ," అంది అక్క. గొంతులో నీరసం పోయింది.

మా ఆయన జేబులోంచి కొట్టు తాళం తీసి బావగారి ముందు పెట్టాడు. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

అప్పుడు డాక్టరమ్మ ఆ రోజు చెప్పబోయిన మాట చెప్పింది. ఈ తిత్తి మాంసం తింటే రాదట. గొర్రెలో తిత్తిని కుక్క తింటే, అది కుక్క పేగుల్లో బద్దెపురుగవుతుంది. దాని గుడ్లు కుక్క పెంటలో బయటపడి, గడ్డికీ బొచ్చుకీ అంటుకుంటాయి. గడ్డి మేసి గొర్రె, కుక్కని నిమిరిన చేత్తో తిని మనిషి, ఇద్దరూ ఆ గుడ్లే మింగుతారు. తిత్తి పెరగడానికి ఏళ్ళు పడుతుందట.

"అయితే నా కొట్టు?" అన్నాడు మా ఆయన.

"మీ మాంసానికేం దోషం లేదు."

ఆయన తాళం తీసి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. అక్కడితోనైనా ఆగాల్సింది.

"తిత్తి ఉన్న కార్జం నేను జన్మలో అమ్మలేదండీ," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"మరి ఏం చేస్తారు?"

"దొరకి పెడతాను. వదినకి వాడంటే ప్రాణం కదా, ఏనాడూ మానలేదు."

 తన పేరు వినపడగానే దొర తోకాడించాడు.

అక్క కుక్కని చూసింది, తర్వాత మా ఆయన్ని చూసింది. "అంటే ఇన్నాళ్ళూ నా కడుపులోదాన్ని పోషించింది నువ్వేనన్నమాట," అంది.

బావగారు ఆపరేషన్ తర్వాత మొదటిసారి నోరు తెరిచారు. "ఆ మాట మాత్రం బయట అనకు," అన్నారు.

డాక్టరమ్మ పరీక్ష చేస్తే, దొర పెంటలో దొరికిన గుడ్లదీ ఆ వంశమే. వాడికి మాత్రలు వేశారు, పడక వసారాలోకి మారింది. తిత్తి కనిపించిన కార్జాన్ని మా ఆయన అప్పట్నుంచి కాల్చేసేవాడు. ఇక మిగిలింది వీధి. అక్క పడేసిన మాట అక్కే ఎత్తాలి, లేకపోతే కొట్టు లేవదు. కానీ మరిది పేరు చెబితే మొగుడు ఒప్పుకోడు, దొర పేరు చెబితే వాణ్ణి వీధిలో ఉండనివ్వరు.

ఆవిడ కాస్త తేరుకుని కొట్టు ముందు కుర్చీ వేయించుకు కూర్చుంది. వచ్చే పోయే వాళ్ళని పిలిచి, మా మరిది మాంసం బంగారం, నా జబ్బు ఇంట్లో శుభ్రం చాలక వచ్చిందని చెప్పింది. ఇంట్లో వంటా అంట్లూ ఎవరివో అందరికీ తెలుసు.

కొట్టు నిలబడింది. ఇప్పటికీ వీధిలో వాళ్ళంతా కార్జం మా దగ్గరే కొంటారు. నేను కాఫీ ఇస్తే మాత్రం, ఇప్పుడే తాగొచ్చామంటారు.