ఏడూ నలభైకి నొక్కిన మీట

ముందే చెబుతున్నాను, నా రాతలో ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు జారిపోతాయి. ఒక్క పేజీకి రెండు రోజులు పడుతుంది. యాభై తొమ్మిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని, మన్నించండి.

మా ఆయన పోయాక ఎక్స్‌రే సెంటర్లో ఊడ్చి తుడిచే పనికి కుదిరాను. ఉండడానికి వెనక గది ఇచ్చారు. అది తప్ప నాకు నిలువ నీడ లేదు.

అక్కడి టైపిస్టమ్మ నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నది. డాక్టరమ్మ చూస్తే ఊరుకోదని, మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసి, పనికిరాని చీటీల వెనక నాచేత దిద్దించేది. మన అక్షరాలయ్యాక ఇంగ్లీషువి. రద్దయిన చీటీల మీద ఉండే 'క్యాన్సిల్' నేను చదివిన మొదటి ఇంగ్లీషు మాట. ఆ రోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి పెట్టడం నా పని. ఒకరోజు నల్ల తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి, కూడబలుక్కుని చదివాను. డిస్కును తనిఖీ చేస్తున్నానని, వద్దంటే ఏదో ఒక మీట నొక్కమని. నేను ముట్టుకోలేదు. తనిఖీ పది దాటేదాకా సాగింది. బయట రోగుల గోల. డాక్టరమ్మ నా మీద పడింది.

"ఆన్ చెయ్యడం కూడా చేతకాదా? ఇంకోసారి ఇలా అయితే గది ఖాళీ చెయ్!"

ఆవిడ అటు వెళ్లాక టైపిస్టమ్మ గుసగుసగా అంది. "మళ్లీ వస్తే ఆపకు పెద్దమ్మా. చదివి నాకు చెప్పు. డిస్కుకి ఏదో రోగం."

మర్నాడు మళ్లీ వచ్చింది. చదివాను. నొక్కేశాను.

"ఏమైనా వచ్చిందా?" టైపిస్టమ్మ రాగానే అడిగింది.

"ఏం రాలేదమ్మా."

అలా పదకొండు రోజులు. పన్నెండో రోజు కంప్యూటర్ లేవలేదు. ఆరేళ్ల ఎక్స్‌రేలు దాంట్లోనే ఉన్నాయి.

రిపేరు అతను డిస్కు ఊడదీసి తన మిషన్‌కి తగిలించాడు. అందులో ఎక్కడెక్కడో వెతికి ఒక చిట్టా బయటికి తీశాడు.

"తనిఖీ చేసినప్పుడల్లా ఇది రాసుకుంటుంది మేడమ్. మొదటి రోజే చెడ్డ భాగాలున్నాయని రాసింది. అప్పుడే చూసుంటే అన్నీ దక్కేవి. తర్వాత పదకొండు రోజులూ ఎవరో ఆపేశారు. రోజూ ఏడూ నలభైకి."

ఏడూ నలభైకి అక్కడ ఉండేది నేనొక్కదాన్నే.

"ఏవో అక్షరాలొచ్చాయమ్మా. భయపడి నొక్కాను. నాకేం తెలుసు?"

"అదేంటి పెద్దమ్మా!" టైపిస్టమ్మ లేచి నిలబడింది. "చదివి చెప్పమన్నాను కదా? రోజూ అడిగాను కదా?"

"చదవడమా? ఈ బకెట్టమ్మా?" అంది డాక్టరమ్మ.

"వచ్చు మేడమ్. నేనే నేర్పాను."

డాక్టరమ్మ తెర నావైపు తిప్పింది. "చదువు."

క్యాన్సిల్, క్యాన్సిల్, క్యాన్సిల్. ఒకదాని కింద ఒకటి, నేను దిద్దినట్టే.

"కంగారు పడకు పెద్దమ్మా. మొదటి అక్షరం చెప్పు, చాలు."

తెర మీద వేలు పెట్టాను. "ఇదేదో గుండ్రంగా ఉందమ్మా. నాకు తెలీదు."

రిపేరు అతను పకపకా నవ్వాడు. డాక్టరమ్మ టైపిస్టమ్మ వైపు తిరిగింది. "అక్షరమ్ముక్క రాని మనిషికి మిషన్ అప్పజెప్పి, తప్పు ఈ ముసలిదాని నెత్తిన రుద్దుతావా? రేపట్నుంచి రావద్దు."

టైపిస్టమ్మ అన్నం డబ్బా, గొడుగు తీసుకుని నా దగ్గర ఆగింది. నేను తుడుస్తూనే ఉన్నాను.

"ఒక్క అక్షరం చెబితే నీకు పోయేదేముంది?"

"నా గది," అన్నాను. "కాళ్లు తియ్యమ్మా, తడి."

ఇప్పుడు హాజరు పట్టీలో వేలిముద్ర వేస్తాను. కొత్త టైపిస్టు నాకు గోడ మీది బోర్డులు కూడా గట్టిగా చదివి వినిపిస్తుంది, చెవిటిదానికి చెప్పినట్టు. తల ఊపుతాను.

మొన్న డాక్టరమ్మకి పాత టైపిస్టమ్మ నుంచి ఉత్తరం వచ్చింది. ఎక్కడా పని దొరకడం లేదట, ఇక్కడ తొమ్మిదేళ్లు చేసినట్టు ఒక కాగితం రాసిమ్మని అడిగింది. డాక్టరమ్మ దాన్ని నా బుట్టలో పడేసింది. వెనక గదిలో తలుపేసుకుని మొత్తం చదివాను. మూడుచోట్ల 'దయచేసి' అని ఉంది. ఎక్కడా ఒక్క తప్పు లేదు. తర్వాత చెత్తలో వేశాను.

బకెట్టమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పటికీ ఎక్స్‌రే సెంటర్ వెనక గదిలోనే.