అరనిమిషంలో పుస్తకం

గ్రంథాలయ శాస్త్రం ఆన్‌లైన్ క్లాసును ఆరోజు ప్రిన్సిపాల్ కూడా చూస్తున్నాడు. పాఠం ఆయనకు నచ్చితేనే మేడమ్ ఉద్యోగం నిలుస్తుంది.

"పుస్తకం మీద నంబరుంటే చాలు, అరనిమిషంలో దొరుకుతుంది" అంది మేడమ్ ధీమాగా.

"ఏదీ, మన వర్గీకరణ పాఠ్యపుస్తకం తీయండి చూద్దాం" అన్నాడు ప్రిన్సిపాల్.

ఆమె వెనకున్న అలమారా వైపు తిరిగింది. పొద్దున దుమ్ము దులిపిన అత్తగారు పుస్తకాలన్నీ పొట్టీ పొడుగూ చూసి సర్దేశారు.

"అత్తయ్యా, వర్గీకరణ పుస్తకమేదీ?"

"రంగు చెప్పవే!" వంటింట్లోంచి కేక.

"ఎరుపు!"

"ఆ లావుపాటిదా? అరలో పట్టలేదని నీ ల్యాప్‌టాప్ కిందే పెట్టానుగా!"

మేడమ్ పుస్తకాన్ని లాగింది. క్లాసంతటికీ ఇంటి పైకప్పు కనిపించింది.

"ఇరవై సెకన్లు! మీ ఉద్యోగానికి ఢోకా లేదు" ప్రిన్సిపాల్ నవ్వాడు. "రేపటి పాఠం మాత్రం అత్తగారితో చెప్పించండి."