మూడో నంబరు మోటారు సాక్ష్యం

వర్ధన్నపేట రోడ్డు మీది పత్తి మిల్లులో పొద్దున ఏడింటికల్లా కరెంటు మిస్త్రీ సారయ్య మోటార్లను లేపాలి. ఎర్తు తీగలు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకుని ఒక్కోదాన్నీ ముందు స్టార్ కనెక్షన్‌లో మెల్లగా తిరగనిచ్చి, ఊపందుకున్నాక డెల్టాకు మార్చాలి. ఇరవై రెండేళ్ల నుంచీ ఇదే కొలువు, ఒక్కరోజు తప్పితే ఒట్టు.

ఏం లాభం? మోటార్లు మాట్లాడేది మాత్రం శ్రీలతతో!

ఐటీఐ చదివి మొన్న ఉగాదికి పనిలో చేరిన పిల్ల. ఆమె చెయ్యి పడిందో లేదో, "అక్కా, వెనుక బేరింగు నొస్తాంది" అంటుందొకటి. "అక్కా, ఒక ఫేజు సక్కగ వస్తలేదు" అంటుంది ఇంకోటి. విప్పి చూస్తే అచ్చం అంతే ఉంటుంది. మిల్లులో అందరూ వింటూనే తమ పని తాము చేసుకునేవాళ్లు. పత్తి ఏరే యాకమ్మ ఒక్కతి, "గా పిల్లకు జెప్పుకుంటయి గనీ, నీ సిడసిడ మొకం జూసి ఏం జెప్పుకుంటయయ్యా!" అని సారయ్యను ఆటపట్టించేది.

సారయ్యకు కడుపు రగిలిపోయేది. అందులోనూ మూడో నంబరు మోటారు మీద మరీను. దాన్ని లారీలోంచి దింపింది తను, ఆరు తీగలూ కలిపింది తను. అది కూడా ఆ పిల్లను చూస్తే చాలు, "అక్కా అక్కా" అని ఒకటే మురిపెం. పైగా మిల్లు యజమాని సేటు, ఈ సీజన్‌లో మోటారు కాలకుండా చూసినవాళ్లే హెడ్ మిస్త్రీ అన్నాడు. స్టార్టరు డబ్బాలన్నీ శ్రీలతకే అప్పగించాడు.

ఆ వారం తడి పత్తి వచ్చింది. లోడు పెరిగి మూడో నంబరు మాటిమాటికీ ఆగిపోతోంది. భారం మించితే మోటారును ఆపే రిలేను శ్రీలత పదహారు ఆంపియర్ల మీద పెట్టింది మరి.

"జర రిలే ఎక్కియ్యరాదక్కా, పనంత ఆగుతాంది" అని మిషను నడిపే మధు మొత్తుకున్నాడు.

"ఎక్కియ్య. కాలుతదది. పత్తి ఆరబోసి తెండ్రి" అంది శ్రీలత.

మధ్యాహ్నం ఆమె అన్నానికి పోయింది. సారయ్య డబ్బా తెరిచి రిలే మరను ఇరవై ఐదుకు తిప్పేశాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ చెయ్యని పాడుపని! కాలితే కాలనీ, ఆ పిల్లను చూసి మురిసినందుకు అనుభవించనీ అనుకున్నాడు.

మూడింటికి కమురు వాసన, వెనకే పొగ. మెయిన్ ఆపేసరికి మోటారు కాలనే కాలింది. పత్తికి అంటుకోకపోవడం వాళ్ల అదృష్టం. సేటు పరుగున వచ్చి డబ్బా తెరిచాడు.

"ఇరవై ఐదా! నీ చేతి కిందిదే గదా శ్రీలతా? రేపటి సంది పనికి రాకు."

"నేను తిప్పలే సేటూ." ఏడుపు ఆపుకుంటూ మోటారు దగ్గర కూర్చుంది. "ఎవలు తిప్పిండ్రో నువ్వన్న చెప్పు తల్లీ."

అయిపాయె, ఇక తన పేరు బయటపడుతుంది అనుకున్నాడు సారయ్య.

"ఎవ్వలు తిప్పలే అక్కా" అంది మోటారు, గొంతు బొంగురుపోయి. "నా అదురుకు అదే తిరిగింది. మా కాక సారయ్య నన్ను బిగించిన కాడ్నుంచి ఏ లోటు రానియ్యలే. ఎవ్వల్ని ఏమనకుండ్రి, నాదే తప్పు."

సారయ్యకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"అబద్ధం సేటూ! మర ఎక్కడన్న దానంతటదే తిరుగుతదా? నేనే తిప్పిన. ఈ పిల్లను ఓర్వలేక తిప్పిన."

సేటు శ్రీలతను ఉండమన్నాడు, సారయ్యను పొమ్మన్నాడు.

సాయంత్రం మోటారును ట్రాలీలో వేసి, కాలిన తీగ మళ్లీ చుట్టే వైండింగు షాపుకు బయల్దేరదీశారు. సారయ్య కూడా ఎక్కి దాని పక్కన కూర్చున్నాడు.

"నువ్వెటు కాకా? నీ పని పాయె గదా" అన్నాడు మధు.

"తీగలు ఉల్టా కలుపుతరేమోరా. దగ్గరుండి కలిపిచ్చి వస్త" అన్నాడు సారయ్య.