తలకిందుల నామం

పట్టణంలో వాననీటి మోరీలు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క తీయడానికి ఒక ఇంజనీరమ్మాయి మా సందులోకి వచ్చిన రోజు శనివారం. ఇంటి ముందరి స్వామికి నేను అప్పుడే కొబ్బరికాయ కొట్టాను. హిందూపురంలో మా సందంత పల్లం ఇంకొకటి లేదని నా నమ్మకం. నాకున్నంత భక్తి కూడా ఇంకెవరికీ లేదని అప్పట్లో మరో నమ్మకం.

స్వామి అంటే గుడి కాదు, ఒక రాయి. పదకొండేళ్ల కిందట సిమెంటు రోడ్డు వేస్తున్నప్పుడు మెషిను దాన్ని పెళ్లగించి పడేసింది. మట్టి తుడిచి చూస్తే మూడు గీతలు, వాటి కింద ఒక అడ్డగీత. అచ్చం తిరునామం. నేను పది తప్పి పిండిమర పెట్టుకున్నవాణ్ణి. నామాన్ని గుర్తుపట్టడానికి ఆ చదువు చాలనుకున్నాను. దొరికిన చోటే నిలబెట్టాను. పక్కనే మోరీ నోరు ఒకటి కంపు కొడుతుంటే, స్వామి దగ్గర అదేమిటని కాంక్రీటు పోసి మూసి, పైన కట్ట కట్టించాను.

అప్పటినుంచి గట్టి వాన పడితే నీళ్లు ఎదురింటి ఖాతూన్‌బీ గడప దాటుతున్నాయి. ఆమె రవికలు కుట్టి బతుకుతుంది. ఆమె కుట్టుమిషను మొదట కాలికొక ఇటుక మీద ఉండేది, ఇప్పుడు మూడేసి ఇటుకల మీద ఉంది. వాన వచ్చినప్పుడల్లా నేను గొడుగు పట్టుకుని, ఆమె ఇంట్లోకి నీళ్లు పోకుండా చూడు తండ్రీ అని స్వామికి మొక్కేవాణ్ణి. మోరీ మీద నిలబడే మొక్కేవాణ్ణి.

ఇంజనీరమ్మాయి పేరు శ్రుతి, ధర్మవరం పిల్ల. "అంకుల్, ఈ సందులో వాననీటి మోరీ యాడుండాది?" అంది.

"ఈడ మోరీ యాడిదమ్మా!"

అబద్ధమాడినట్టు నాకనిపించలేదు. మూసేసింది లేనట్టే కదా అనుకున్నాను.

"లేదంటే లేదనే రాసుకుంటా. ఈ లెక్కలో ఉండే మోరీలకే కొత్త పైపులు కలుపుతారు. లేని సందు ఇంకో ముప్పై ఏండ్లు ఇంతే."

గడపలో కూర్చుని గుండీలు కుడుతున్న ఖాతూన్‌బీ చేతిలో సూది ఆగింది. నావైపు చూసింది.

"పాత పటంలో మాత్రం ఈడొకటి ఉండాది అంకుల్. దాని పక్కన గుర్తురాయి ఉంటాదంట, నీళ్ల మట్టం కొలిచేదానికి పెట్టింది. రాయి మీద ఇట్లుంటాది," అని శ్రుతి కట్ట మీద కాగితం పరిచి పైకి చూసే బాణం ఒకటి గీసింది. దాని మొన మీద అడ్డగీత పెట్టింది. ఆమె కట్టకు అటువైపు, నేను ఇటువైపు. కాగితం నాకు తలకిందులుగా కనిపించింది.

మా స్వామే.

నోట్లో కొబ్బరిముక్క నమలడం ఆగిపోయింది. అది బాణమైతే పదకొండేళ్ల నా మొక్కులు ఎవరు అందుకున్నట్టు? చూడలేదంటే స్వామి నాకు మిగులుతాడు. ఇటుకలు ఖాతూన్‌బీకి మిగులుతాయి.

"అట్లాంటి రాయి చూసినారా?"

"చూసినానమ్మా. దినామూ పసుపు పూస్తాండా," అని పూలదండ తీశాను.

శ్రుతి తల వంచింది, ఇంకా వంచింది, జడ భుజం మీదినుంచి జారింది. "అంకుల్, ఇది తలకిందులుగా ఉండాది!"

"పదకొండేండ్లు సామిని తలకిందులుగా నిలబెడితివా రామాంజనేయులన్నా? ఎంత నొప్పి పుట్టిందో పాపం," అంది ఖాతూన్‌బీ.

"మోరీ ఈడే ఉండాదని నీకు తెలుసా?"

"తెలీకేం? నువ్వు మూసేటప్పుడు ఈ గడపలోనే ఉంటిని. సామి అంటివి. సామిని లెయ్యమని నేనెట్ల చెప్పేదన్నా?"

పదకొండేళ్లు ఆమె నా భక్తికి మర్యాద ఇచ్చింది. నేను ఆమె ఇటుకలు చూస్తూ మొక్కుకున్నాను.

గడ్డపార తెచ్చాను. నా భార్య ఉమారాణి పరుగున వచ్చింది. "ఏమి చేస్తాండావు? సామి కట్ట అది!"

"సామికి ఊపిరాడలేదంట," అన్నాను.

పుణ్యం వస్తుందని అప్పట్లో సిమెంటు కాస్త ఎక్కువే కలిపించాను. ఆ పుణ్యం మధ్యాహ్నం దాకా నా అరచేతులు బొబ్బలెక్కించింది. మోరీ నోరు బయటపడగానే శ్రుతి ఫోటో తీసి, అంచున తెల్ల రంగుతో నంబరు రాసింది.

"రాయిని తిప్పి పెట్టాల్నా అమ్మా?"

"వద్దు అంకుల్. ఒకసారి కదిలిన రాయి కొలతకు పనికిరాదు. మీరే పెట్టుకోండి."

పనికిరాకపోవడంలో రాయీ నేనూ ఒకటయ్యాం. రాతిని మా గోడ పక్కకు జరిపాను. ఎటు నిలబెట్టాలో చాలాసేపు తేలలేదు. చివరికి నాకు తెలిసిన వైపే నిలబెట్టాను.

మున్సిపాలిటీ మనుషులు వచ్చి లోపలి పూడిక తీశారు. మోరీ నోటికి నేను ఇనుప జాలీ చేయించాను. పై శనివారం పూజయిన గంటకే వాన దంచింది. నీళ్లు సుడి తిరుగుతూ జాలీలోకి దిగుతుంటే ఆనందంతో కళ్లు మూసుకుని చేతులు జోడించాను.

"అన్నా, కండ్లు తెరువు!" ఖాతూన్‌బీ కేక. నీళ్లు ఆమె గడప దాకా వచ్చాయి. జాలీ మీద నా బంతిపూల దండ, తమలపాకులు, కొబ్బరి పీచు చాప పరిచినట్టు పడి ఉన్నాయి. ఉదయం స్వామికి నేను పెట్టినవే.

మోకాళ్ల లోతు నీళ్లలో వంగి రెండు చేతులతో తోడి పారేశాను. మోరీ గుటకలు వేసింది. నీళ్లు గడప వదిలి వెనక్కి తగ్గాయి.

"ఇంకొంచెం వంగన్నా, ఆ మూల పీచుండాది," అంది ఖాతూన్‌బీ గడపలోంచి. "ఆఁ, అట్ల. ఇప్పుడు మొక్కినట్టుండాది."